లోకం చూసిన కళ్లు - ఇల్లు మోసిన చేతులు



"ఇంట గెలిచి రచ్చ గెలువు" అన్నారు పెద్దలు. "తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు" అని కూడా ఆ పెద్దలే అన్నారు. మొదటి సామెత ఇల్లు ముందు, లోకం తర్వాత అని వరస చెప్పింది. రెండోది లోకాన్ని మగవాడికీ, ఇంటిని ఆడదానికీ పంచిపెట్టింది. ఈ రెండు మాటలూ విని పెరిగిన వాళ్లమే మనమంతా. కానీ సంక్షేమ హాస్టల్లో చదువుకునే మనకు ఈ రెండూ పనికిరావు. ఇంట గెలిచేదాకా ఆగి ఉంటే మనలో ఒక్కరమూ ట్రంకుపెట్టె పట్టుకుని ఊరు దాటేవాళ్లం కాదు. తిరిగితే చెడిపోతారనుకుంటే బాలికల హాస్టళ్ల తలుపులే తెరుచుకునేవి కావు.

మనిషి ఆలోచనను పెంచేది దేశాటనమా, కుటుంబమా? వక్తృత్వ పోటీల్లో ఈ ప్రశ్న ఇచ్చి ఏదో ఒక పక్షం తీసుకోమంటారు. డిగ్రీ అనే మాట తమ ఇళ్లలో తమతోనే మొదలైన మాలాంటి వాళ్లం ఈ పోటీలో ఏ పక్షాన నిలబడాలి? మా అభిప్రాయం ఇది: ప్రయాణం మనకు "మా ఊళ్లో ఉన్నదే లోకరీతి కాదు" అని నేర్పుతుంది. కుటుంబం "నీ ప్రయాణానికి ఖరీదు కట్టింది ఎవరు" అని అడుగుతుంది. మొదటి పాఠం దొరకనివాడు ఊరి కట్టుబాటే దేవుడు రాసిన రాత అనుకుంటాడు. రెండో పాఠం మరిచినవాడు తన గెలుపంతా తన తెలివేననుకుంటాడు. ఈ రెండూ కలిసినప్పుడే చూపు నిలకడగా ఉంటుంది. ఇది ఎందుకు అంటున్నామో వివరిస్తాం.

ఎవరి యాత్రకు చరిత్ర ఉంది?

తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'ను చెప్పుకుంటాం. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది. దారిలో ఊళ్లు, నదులు, సత్రాలు, ధరలు, మనుషుల ఆచారాలు అన్నీ రాసిపెట్టారు. అది చదివితే ఆనాటి దేశం కళ్లముందు కదులుతుంది. గొప్ప పుస్తకం, సందేహం లేదు. కానీ ఆయన పల్లకీ మోసిన బోయీలు కూడా అదే దారి నడిచారు కదా! అవే ఊళ్లు చూశారు. అవే నదులు దాటారు. వాళ్ల కాశీయాత్రకు చరిత్ర ఎక్కడుంది?

దాదాపు 110 ఏళ్ల తర్వాత, 1941లో, గుర్రం జాషువా 'గబ్బిలం' వచ్చింది. అందులో గుడి లోపలికి రానివ్వని ఒక మనిషి తన గోడును కాశీ విశ్వనాథుడికి చెప్పుకోవాలి. తాను వెళ్లలేడు. అందుకని గుడిలోకి వెళ్లగలిగిన గబ్బిలాన్ని పంపిస్తాడు. ఒకే కాశీకి ఒకరు పల్లకీలో వెళ్లారు, ఒకరు పల్లకీ మోసుకుంటూ వెళ్లారు, ఇంకొకరు గబ్బిలాన్ని పంపుకున్నారు. కాబట్టి ప్రయాణం మనిషిని పెంచుతుందని చెప్పేముందు, ఆ మనిషి ఎలా ప్రయాణం చేస్తున్నాడో చూడాలి.

ఈ మాట మన ఇళ్లకు ఎంతగా వర్తిస్తుందో ఆలోచించండి. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని ఉత్తర తెలంగాణలో ఊరికే అనరు. ఒక తరం మొత్తం ఆ మూడు దారుల్లో నడిచింది. పాలమూరు లేబర్ అయితే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని దేశంలో ఎక్కడెక్కడో ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టింది. కోనసీమ నుంచి, కడప నుంచి ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ వెళ్లారు. లెక్కవేస్తే మన తండ్రులు, తల్లులు, చిన్నాన్నలు, మేనత్తలు చూసినన్ని ప్రదేశాలు మన లెక్చరర్లు చూసి ఉండరు. అయినా వాళ్లను ఎవరూ లోకం చూసిన మనిషి అనరు. వలసపోయిన మనిషి అంటారు.

ఎందుకని? వాళ్లకు తీరిక లేదు. దుబాయిలో పదేళ్లున్న కూలీ చూసింది క్యాంపు గది, కంపెనీ బస్సు, పనిచేసే సైటు. ఆయన కట్టిన భవనం పైకి టికెట్టు కొని ఎక్కేది వేరేవాళ్లు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధమైనా చాలాచోట్ల జరుగుతూ వచ్చింది. చేతిలో పాస్‌పోర్టు లేని మనిషికి దేశాటనం ఏమిటి? అయినా వాళ్లకు తెలిసినవి తక్కువ కావు. ఏ ఏజెంటు మాట నమ్మకూడదో వాళ్లకు తెలుసు. వేరే దేశం కూలీతో ఒకే గదిలో, భాష రాకపోయినా, ఎలా సర్దుకోవాలో తెలుసు. అడిగేవాళ్లు లేక ఆ తెలివి వాళ్లతోనే ఉండిపోతోంది.

బాబాసాహెబ్ రెండు ప్రయాణాలు

ప్రయాణమూ కుటుంబమూ కలిసి ఒక మనిషి చూపును ఎలా తయారుచేశాయో తెలియాలంటే మన హాస్టల్ గోడ మీద ఫొటోలో ఉన్న మనిషినే చూద్దాం. ప్రతి ఏప్రిల్ 14న ఆయన డిగ్రీలు వరసగా చదివి చప్పట్లు కొడతాం. ఆయన ప్రయాణాల గురించి మాత్రం అంతగా మాట్లాడుకోం.

1901లో అంబేద్కర్ చిన్నపిల్లవాడు. తండ్రి రాంజీ సక్పాల్ గోరేగావ్‌లో క్యాషియరు. కరువు పనుల కింద అక్కడ చెరువు తవ్వుతున్నారు. వేసవి సెలవుల్లో తండ్రి దగ్గరికి వెళ్లడానికి పిల్లలు కొత్తబట్టలు వేసుకుని సతారా నుంచి రైలెక్కారు. మసూరు స్టేషన్లో దిగారు. పిల్లలు మహర్లని తెలియగానే స్టేషన్ మాస్టరు ముఖం మారిపోయింది. ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటూ వెళ్లారు. బండివాడు పక్కన నడిచాడు. దగ్గర తిండి ఉన్నా తాగడానికి నీళ్లు పుట్టక ఆ రాత్రంతా ఆకలితోనే గడిపారు. ఇది ఆయన మొదటి ప్రయాణపాఠం.

రెండోది 1913లో మొదలైంది. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆ ఏడాది జూలైలో న్యూయార్క్ చేరారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో జాన్ డ్యూయీ, సెలిగ్మన్ వంటి ఆచార్యుల దగ్గర చదివారు. అక్కడ ఆయన పక్కన కూర్చోవడానికి ఎవరూ వెనకాడలేదు. వెళ్లిన కొద్దిరోజులకే తండ్రి స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, మగపిల్లల చదువుతో పాటు ఆడపిల్లల చదువూ సాగితేనే మన అభివృద్ధి వేగం అందుకుంటుందని రాశారు. కొత్తదేశం చూసిన యువకుడు మేడల గురించి, మోటారుకార్ల గురించి రాయవచ్చు. ఆయన మన ఇళ్లలోని ఆడపిల్లల గురించి రాశారు. చూపు బయటికి వెళ్లినా మనసు ఇంటి లెక్కలోనే ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

1916లో లండన్ వెళ్లారు. స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో 1917లో తిరిగి వచ్చి, ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరారు. విదేశాల్లో గడిపిన కాలం తాను అంటరానివాడినన్న స్పృహనే తుడిచేసిందని ఆయనే తర్వాత రాసుకున్నారు. బరోడా స్టేషన్లో దిగగానే ఆ స్పృహ మళ్లీ వచ్చింది. ఉండటానికి గది దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకుంటే పదకొండో రోజున కర్రలతో మనుషులు వచ్చి ఖాళీ చేయించారు.

అప్పుడు ఆయన ఇద్దరు స్నేహితుల దగ్గరికి వెళ్లారు. ఈ సంగతి మనం శ్రద్ధగా చదవాలి. హిందూ స్నేహితుడు, నువ్వు మా ఇంటికి వస్తే పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. క్రైస్తవ స్నేహితుడు, మా ఆవిడ రేపు వస్తుంది, ఆమెను అడగాలన్నాడు. ఆ భార్యాభర్తలిద్దరూ బ్రాహ్మణ కుటుంబాల నుంచి వచ్చినవారు. మతం మారాక భర్త ఆలోచన మారింది, భార్యది మారలేదు. ఇద్దరు స్నేహితులూ చదువుకున్నవాళ్లే, అంబేద్కర్ మీద అభిమానం ఉన్నవాళ్లే. అయినా వాళ్ల విశాల దృక్పథం ఇంటి గడప దగ్గర ఆగిపోయింది. ఆయన అయిదు గంటలు పార్కులో కూర్చుని రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు.

ఆ తర్వాత 1930-32 మధ్య లండన్‌లో జరిగిన మూడు రౌండ్ టేబుల్ సమావేశాల్లోనూ ఆయన పాల్గొన్నారు. 1934లో నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట చూడటానికి వెళితే, అక్కడి నీళ్లు ముట్టుకుని మైల చేశారని ఆయన బృందాన్ని గద్దించారు. ఇవన్నీ కలిపి రాసుకున్న పుస్తకానికి ఆయన పెట్టిన పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. సముద్రాలు దాటిన మనిషి, తన దేశంలో తిరగడానికే వీసా కోసం ఎదురుచూస్తున్నానన్నాడు. న్యూయార్క్ చూడకపోతే మసూరు స్టేషన్లో జరిగింది లోకమంతటా ఉండేదేనని అనుకునేవారేమో. మసూరు మరిచిపోయి ఉంటే న్యూయార్క్‌లోనే స్థిరపడేవారేమో. రెండూ గుర్తున్నాయి కనుకనే ఆయన అంబేద్కర్ అయ్యారు.

ఖరీదు కట్టినవాళ్లు

మరి ఈ ప్రయాణాలకు ఖరీదు ఎవరు కట్టారు? మహారాజు స్కాలర్‌షిప్ ఇచ్చారు, నిజమే. రెండోసారి లండన్ వెళ్లడానికి కొల్హాపూర్ ఛత్రపతి షాహూ మహారాజ్, పార్సీ మిత్రుడు నావల్ భతేనా సాయపడ్డారు. అది ధన్యవాదాలు చెప్పే ఖరీదు. పుస్తకాల్లో తక్కువగా కనిపించే ఖరీదు ఇంకొకటి ఉంది.

తల్లి చిన్నతనంలోనే పోతే పెంచింది మేనత్త మీరాబాయి. కొడుక్కి పుస్తకాలు కొనడానికి రాంజీ సక్పాల్ పెళ్లయిన కూతుళ్ల నగలు అడిగి తెచ్చి తాకట్టు పెట్టేవారు. బొంబాయిలో కుటుంబమంతా ఉన్నది ఒకే గది. అందరూ నిద్రపోయాక చదువుకుంటాడని కొడుకును ముందు పడుకోబెట్టి, తాను రాత్రి రెండింటిదాకా మేలుకుని లేపేవారు. ఆయన అమెరికా వెళ్లే సంవత్సరం, 1913 ఫిబ్రవరిలోనే, ఆ తండ్రి కన్నుమూశారు.

భార్య రమాబాయి సంగతి చూడండి. భర్త దేశాలు తిరుగుతూ చదువుకుంటుంటే ఆమె బొంబాయిలో చాలీచాలని డబ్బుతో ఇల్లు నడిపారు. ఆవుపేడ ఏరి పిడకలు చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పుట్టిన అయిదుగురు పిల్లల్లో నలుగురు చిన్నతనంలోనే పోయారు. యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. ఆమె పెద్ద కోరిక ఒకటుండేది: పండరీపురం వెళ్లి విఠోబాను చూడాలని. అంటరానివాళ్లను గుడి బయటే నిలబెట్టే ఆ పండరీపురం మనకెందుకు, నీకోసం మరో పండరీపురం తయారుచేస్తానని భర్త అన్నట్లు జీవితచరిత్రలో ఉంది. ఆయన రెండు ఖండాలు చుట్టివచ్చారు. ఆమె తన రాష్ట్రంలో ఉన్న పుణ్యక్షేత్రానికి కూడా వెళ్లలేకపోయారు. 1935 మే 27న మరణించారు. 1940లో వెలువడిన 'థాట్స్ ఆన్ పాకిస్తాన్' గ్రంథాన్ని ఆయన ఆమె స్మృతికి అంకితమిచ్చారు. డిగ్రీలు చదివి చప్పట్లు కొట్టే రోజున ఈ సంగతీ చదవాలని మా కోరిక.

ఇది ఎప్పటిదో కథ అనుకోకండి. మనం హైదరాబాదులో పీజీ చదువుతుంటే, అన్న మానేసిన చదువు ఎక్కడో ఉంటుంది. తమ్ముడు ఎత్తిన అడ్డా కూలి ఎక్కడో ఉంటుంది. ముఖ్యంగా, పదో తరగతి తర్వాత "ఇంట్లో ఒకరే చదవగలం" అనుకున్నప్పుడు ఆగిపోయింది చాలాసార్లు అక్క చదువో చెల్లె చదువో.

పాస్‌పోర్టు ఉంటే చాలదు

విదేశం వెళితే మనిషి దానంతటదే మారిపోతాడనే భ్రమ కొందరికి ఉంది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. అక్కడ పుట్టని కులం మీద అక్కడ చట్టం ఎందుకు అవసరమైంది? సూట్‌కేసులో పచ్చళ్లతో పాటు కులాన్నీ మోసుకుపోయినవాళ్లు ఉన్నారు కాబట్టి. ఇంట్లో నేర్చుకున్నది ఇంట్లోనే ప్రశ్నించకపోతే అది విమానం ఎక్కి వస్తుంది. బరోడా స్నేహితుల గడప ఇప్పుడు సియాటిల్ దాకా పెరిగిందంతే.

అలాగని ఇంటి పేరు చెప్పి కాళ్లకు అడ్డం పడేవాళ్లతోనూ మేము ఏకీభవించం. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ మనలాగే సాంఘిక సంక్షేమ విద్యాసంస్థల పిల్లలు. అది రాష్ట్ర విభజనకు సరిగ్గా ఎనిమిది రోజుల ముందు. నిజామాబాదు జిల్లా పాకాల నుంచి వచ్చిన పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. తర్వాత 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఆమె ఎక్కేసింది. తిరిగి ఆడది చెడింది అన్న సామెతకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. అయితే ఆ జవాబు వెనక, భయం ఉండి కూడా కూతుర్ని పంపిన ఒక తల్లి, ఒక తండ్రి ఉన్నారు. మన తల్లిదండ్రుల భయం అర్థంలేనిది కాదు. పేదింటి ఆడపిల్లకు ఏదైనా జరిగితే అడిగే నాథుడు లేడని వాళ్లకు అనుభవం చెప్పింది. కాబట్టి "మీకు తెలియదు" అని వాళ్లను కసురుకోవడం సరికాదు. పంపితే ఎక్కడ ఉంటుందో, ఎవరు తోడుంటారో, ఫోను ఎవరికి చేయాలో చెప్పి ఒప్పించాలి. ఆ పని చదువుకున్న అన్నలది, అక్కలది.

మా విన్నపాలు

మాటలతో సరిపెట్టకుండా ఈ వార్షికోత్సవం నాడు నాలుగు విన్నపాలు చేస్తున్నాం.

ఒకటి: విహారయాత్ర వేసినప్పుడు బాలికల హాస్టల్‌ను వదిలేయవద్దు. బస్సు ఒక్కటే ఉంటే ఒక ఏడాది వాళ్లకు ముందు అవకాశం ఇవ్వండి.

రెండు: విదేశీ విద్యకు కేంద్రం ఎస్సీ విద్యార్థుల కోసం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. అందులో 30 శాతం మహిళలకు కేటాయించారు. మన పిల్లలకు మార్కులు ఉండి కూడా కాగితాల దగ్గర ఆగిపోతున్నారు. పదో తరగతి మెమోలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు, కులధ్రువీకరణ పత్రంలో మరొకటి. ఇది పాస్‌పోర్టు దరఖాస్తు రోజున బయటపడితే నెలలు పోతాయి. నెలకో ఆదివారం స్టడీ అవర్ అయ్యాక సీనియర్లు కూర్చుని తమ్ముళ్లవీ చెల్లెళ్లవీ కాగితాలు సరిచూడాలి.

మూడు: విదేశాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు ఫొటోలతో పాటు నిజాలు కూడా పంపాలి. గది అద్దె ఎంత, అప్పు ఎంత, పార్ట్‌టైమ్ పనిలో కష్టం ఏమిటి, ఒంటరితనం ఎలా ఉంటుంది, కులం అడిగితే ఏం చెప్పారు - ఇవన్నీ రాయండి. మీరు దాస్తే వెనక వచ్చేవాళ్లు ఏజెంటు మాటే నమ్ముతారు.

నాలుగు: వచ్చే ఏడాది సంచికలో "మా ఇంటి ప్రయాణాలు" అని కొన్ని పేజీలు కేటాయించాలి. దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ప్రతి విద్యార్థీ అమ్మనో నాన్ననో తాతనో కూర్చోబెట్టి అడగాలి. ఎక్కడెక్కడ పనిచేశారు, ఎలా వెళ్లారు, దారిలో ఏం తిన్నారు, ఎవరు మోసం చేశారు, ఎవరు ఆదుకున్నారు, తిరిగి వచ్చేటప్పుడు మనసులో ఏముంది - వాళ్లు చెప్పినది చెప్పినట్లు రాయాలి. ఊరు దాటని అమ్మ ఉంటే, ఎక్కడికి వెళ్లాలని ఉండేదో అడగండి. పల్లకీ మోసిన బోయీల చరిత్ర రాయడానికి అప్పుడు ఎవరూ లేరు. ఇప్పుడు మనం ఉన్నాం, మన చేతిలో కలం ఉంది.

రాసినవాటిని సంక్రాంతిలోగా సంపాదకవర్గానికి అందజేయగలరు. చేతిరాత బాగోకపోయినా ఫరవాలేదు, ఫెయిర్ కాపీ మేము రాసిపెడతాం.